తాబేళ్ల కోసం వల ఎత్తిపెట్టినవాళ్ల మాట

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ ఆదివారం పేజీలో మా ఒడిశాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే ఒడ్డున తాబేళ్ల ఫొటో వేశారు. మా దగ్గరికి మీ పేపరు ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే బస్సులో పొద్దెక్కాక గాని చేరదు. భోజనాల హడావుడి అయ్యాక మధ్యాహ్నం మూడింటికి కూర్చుని చదివాను. ఫొటో చాలా బాగుంది. ఏ రోడ్డు పట్టుకుని రావాలో, ఎక్కడ మలుపు తిరగాలో వివరంగా రాశారు. వచ్చాక ఆ ఒడ్డు మీద ఎలా మెలగాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ఒడ్డున మనుషులు ఉన్నారన్న సంగతి కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేయండి.

నేను గంజాం జిల్లా గోపాల్‌పూర్‌లో బీచికి వెనక వీధిలో చిన్న మెస్ నడుపుతున్నాను. పదిహేడేళ్లయింది. పుట్టింది రుషికుల్య సముద్రంలో కలిసే మొగ దగ్గర, పోడంపేటలో. సముద్రంలో చేపలు పట్టే మమ్మల్ని ఇక్కడ ఒడియావాళ్లు నోలియాలు అంటారు. మాకు ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా. శ్రీకాకుళం వైపు నుంచి తెప్పలేసుకుని వచ్చి ఈ ఒడ్డున నిలబడిపోయినవాళ్లమని మా తాత చెప్పేవాడు. తెలుగు చదవడం బరంపురంలో మా మేనత్త ఇంట్లో ఉండి నేర్చుకున్నాను. నేను పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. సముద్రం ఒడ్డును కోసుకుంటూ వచ్చి పాత ఊళ్లో వరసలకు వరసలు ఇళ్లు తీసుకుపోయింది. జనం లోపలికి, కొత్త కాలనీకి మారారు. ఒడ్డుతో ఆటలాడితే ఏమవుతుందో మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

తాబేళ్ల సంగతికి వస్తాను. చలి తగ్గే రోజుల్లో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఈ మొగ దగ్గర ఇసకలోకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కోటి వెనక కాళ్లతో మూరెడు గొయ్యి తవ్వి, అందులో దాదాపు వంద గుడ్లు పెట్టి, ఇసక కప్పి, పొట్టతో అణగదొక్కి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది. అంతా గంటలోపు పని. 2023లో ఇక్కడ 6 లక్షలకు పైగా వచ్చాయి. 2024లో గుంపుగా అసలు రాలేదు. మళ్లీ 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. పెద్ద పెద్ద చదువులవాళ్లు ఇది తాబేళ్లు గుంపుగా గుడ్లు పెట్టే చోటని 1994లో లోకానికి చెప్పారు. మా వాళ్లకు అంతకు ముందు నుంచే తెలుసు. వలలో తాబేలు పడితే మా నాన్న వల కోసినా సరే దాన్ని విడిపించి, నుదుటి మీద పసుపు రాసి వదిలేవాడు. కూర్మావతారం కదా అనేవాడు. ఏడాదికోసారి మా అమ్మను తీసుకుని శ్రీకూర్మం వెళ్లి వచ్చేవాడు. అందరూ అలా ఉండేవారని చెప్పను. గుడ్లు తవ్వి తిన్నవాళ్లు, అమ్ముకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉండేవారు. ఇప్పుడు ఆ ఇళ్ల పిల్లలే రాత్రుళ్లు కాపలా కాస్తున్నారు.

చూడటానికి వచ్చేవాళ్లకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ చుట్టూ సముద్రంలో 20 కిలోమీటర్ల మేర ట్రాలర్లు, మోటారు బోట్లు వేటకు వెళ్లకూడదు. తాబేళ్లు ఊపిరి కోసం పైకి రావాలి. వలలో చిక్కుకుంటే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతాయి. అందుకు పెట్టిన నిషేధం ఇది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటికీ ఉండే వేట నిషేధం మళ్లీ వేరే. అంటే మా బోట్లవాళ్లకు ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఈ నీళ్లు మూసేసినట్టే. ప్రభుత్వం కొంత సాయం ఇస్తుంది, కాదనను. ఆ సాయంతో ఏడు నెలలు ఇల్లు నడవదు. మా పెద్దవాడు కేరళలో పరాయి బోటు మీద పనికి పోయాడు. మా చెల్లెలి కొడుకు సూరత్‌లో మరమగ్గాల మీద ఉన్నాడు. గంజాం జిల్లాలో ఏ వీధికి వెళ్లి అడిగినా సూరత్‌కు పోయిన కుర్రాడు లేని ఇల్లు దొరకడం కష్టం.

నిషేధం తప్పని నేను అనడం లేదు. తాబేలు జెల్లీఫిష్‌ను తింటుంది. జెల్లీఫిష్ పెరిగితే వల నిండా జిగురే గాని చేప ఉండదని మా ఆయనే చెబుతాడు. తాబేలు ఉండాలి. నేను అడుగుతున్నది ఒక్కటే. తాబేలును బతికించడానికి వల ఎత్తిపెట్టింది ఈ ఊళ్లవాళ్లు. దాన్ని చూడటానికి వచ్చే జనం ఖర్చుపెట్టే డబ్బు ఈ ఊళ్లకు ఎందుకు చేరడం లేదు?

2025 ఫిబ్రవరిలో నా కళ్లతో చూసిన లెక్క రాస్తాను.

ఒక శనివారం పెద్ద కారులో ఏడుగురు వచ్చారు. మన తెలుగువాళ్లే, విశాఖ దాటి ఎక్కడి నుంచో. దారిలో హైవే మీద బిర్యానీ పొట్లాలు కట్టించుకున్నారు, నీళ్ల సీసాల కేసు డిక్కీలో పెట్టుకున్నారు. కారును సరుగుడు తోటలోంచి ఇసక మీదికి తీసుకెళ్లబోతే మా చిన్నోడు అడ్డం నిలబడ్డాడు. వాడికి పందొమ్మిదేళ్లు, కాపలా కుర్రాళ్లతో తిరుగుతాడు. రెండు గంటలు ఉండి, ఫోన్లో లైట్లు వేసుకుని ఫొటోలు తీసుకుని, రాత్రికి రాత్రి వెళ్లిపోయారు. బండి పెట్టుకున్నందుకు యాభై రూపాయలు ఇచ్చారు. వాళ్లు వదిలిపోయిన సీసాలు పందొమ్మిది అని చిన్నోడు లెక్కపెట్టి తెచ్చాడు. ఆ ఏడుగురి వల్ల మా ఒడ్డుకు వచ్చింది యాభై రూపాయలు, పందొమ్మిది సీసాలు.

అదే వారంలో రాజమండ్రి వైపు నుంచి రిటైరైన మాస్టారు, ఆయన భార్య రైల్లో బరంపురం దిగి వచ్చారు. మా పక్కింటి మేడ మీద గది రెండు రాత్రులకు 1,600. నా దగ్గర భోజనాలు, టిఫిన్లు కలిపి 1,140. మొగ దగ్గరి పురుణాబంధ ఊరి దాకా ఆటో రానుపోను 900. ఏటి లోపల తెడ్డు పడవ మీద తిప్పినందుకు 600. వెళ్లేటప్పుడు మా వదిన దగ్గర ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు 350. మొత్తం 4,590 రూపాయలు. నాకు వచ్చిన 1,140లో చేపకు 380 మళ్లీ మా వదినకే వెళ్లింది, నాతో పనిచేసే అమ్మాయికి 150 వెళ్లింది, బియ్యం కూరలు బజారు కొట్టుకు వెళ్లాయి. ఇద్దరు మనుషులు ఇన్ని ఇళ్లలో పొయ్యి వెలిగించారు. ఆవిడ చేతిసంచిలో స్టీలు సీసా ఉంది, అందులో నా దగ్గరే కాచి చల్లార్చిన నీళ్లు పోయించుకున్నారు. వాళ్లు వెళ్లిన చోట ఒక్క కాగితం ముక్క దొరకలేదు.

పర్యాటకం వల్ల ఊరు బాగుపడుతుందని అందరూ అంటారు. బాగుపడాలంటే ఎంతమంది వచ్చారన్నది కాదు, వచ్చిన మనిషి చేతి డబ్బు ఎన్ని చేతులు మారిందన్నది చూడాలి. నా మెస్ లెక్క నాకు నేర్పింది ఇదే. మా వీధి చివర టీకొట్టు నడిపే ఆయన ఒప్పుకోడు. రానీ అక్కా, వెయ్యి కార్లు రానీ, మనకే లాభం అంటాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, వానాకాలంలో ఆయన పాలు కూడా అప్పు తెస్తాడు. కానీ వెయ్యి కార్లు వచ్చిన మరుసటి ఏడాది తాబేలు రాకపోతే ఆ వెయ్యి కార్లలో ఒక్కటీ రాదు. 2024లో చూశాం కదా. ఆ ఏడాది తాబేళ్లు ఎందుకు రాలేదో చెప్పేటంత చదువు నాకు లేదు. తాబేలు లేని ఏడాది ఒడ్డు ఎంత బోసిగా ఉంటుందో మాత్రం తెలుసు.

లైట్ల గురించి రాయకపోతే ఈ ఉత్తరం రాసి ప్రయోజనం లేదు.

గుడ్లు పెట్టాక దాదాపు 45 నుంచి 50 రోజులకు పిల్లలు ఇసకలోంచి పైకి వస్తాయి. అరచేతిలో సగం కూడా ఉండవు. చీకట్లో అన్నింటికంటే వెలుతురుగా కనిపించేది నక్షత్రాల కింద మెరిసే సముద్రం. పుట్టిన క్షణాన వాటికి తెలిసిన దారి అదొక్కటే. వెలుతురు ఎటు ఉంటే అటు పాకుతాయి. వెనక వైపు ఫ్లడ్‌లైటు ఉంటే సముద్రాన్ని వదిలేసి దాని వైపు పాకుతాయి. అక్కడ కుక్కలు ఉంటాయి, కాకులు ఉంటాయి, రోడ్డు ఉంటుంది. ఏమీ లేకపోయినా తెల్లారాక ఎండకు ఎండిపోతాయి. మొగ దగ్గర అటవీ శాఖవాళ్లు వలతో కంచె కడతారు, కాపలా పెడతారు. కానీ తాబేళ్లన్నీ అక్కడే గుడ్లు పెట్టవు. ఒకటీ అరా గోపాల్‌పూర్ దాకా ఎక్కడపడితే అక్కడ పెడతాయి. వాటికి కంచె లేదు.

2025 ఏప్రిల్‌లో ఒక రాత్రి పదకొండు దాటాక చిన్నోడు ఫోన్ చేసి, అమ్మా బకెట్లు పట్టుకురా అన్నాడు. ఒక రిసార్టులో ఏదో ఫంక్షన్. ఇసక వైపుకు పెద్ద లైట్లు తిప్పి పెట్టారు, పాటలు మోగుతున్నాయి. ఆ లైట్ల వైపు పిల్లలు వరసగా పాకుతూ వచ్చి ప్రహరీ గోడ కింద కుప్పపడ్డాయి. కొన్ని గేటు సందులోంచి రోడ్డు మీదికి వెళ్లిపోయాయి. రోడ్డు మీద ఏమైందో రాయలేను. మేము ఆరుగురం, నలుగురు కుర్రాళ్లు, నేను, మా వదిన, రాత్రి రెండు దాకా ఏరాం. తడి ఇసక పరిచిన బకెట్లలో వేసుకుని చీకటిగా ఉన్న చోటికి తీసుకెళ్లి, నీటికి కాస్త ముందే దించాం. నీళ్లలో వేయకూడదు, ఆ కాస్త దూరం అవే నడిచి వెళ్లాలని అటవీ శాఖవాళ్లు నేర్పారు. 212 అని చిన్నోడు లెక్క చెప్పాడు. వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒక్కటే అంటారు. ఆ లెక్కన ఆ రాత్రి మేము కాపాడింది ఒక్క తాబేలును కూడా కాదేమో. అయినా మా వదిన ఇంటికి వచ్చి స్నానం చేసి దీపం పెట్టుకుంది.

మర్నాడు నేను వెళ్లి ఆ మేనేజరుతో మాట్లాడాను. చెడ్డ మనిషి కాదు. అమ్మా, మాకెవరూ చెప్పలేదు, గెస్టులు లైట్లు కావాలంటారు, మేమేం చేస్తాం అన్నాడు. ఆ తరవాత నెల చివరిదాకా ఒడ్డు వైపు లైట్లు ఆర్పించాడు. ఒక్క మాటకు ఆరిపోయిన లైట్లు అవి. ఆ మాట సీజన్‌కు ముందే, రాతపూర్వకంగా, ప్రతి లాడ్జికీ, ప్రతి ఫంక్షన్ హాలుకూ, ఒడ్డుకు వెలుతురు పడే ప్రతి ఫ్యాక్టరీకీ అధికారులు చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా రాత్రి తిరిగి చూడాలి. లైటుకు డొప్ప తొడిగి కిందికి వంచితే చాలు, పెద్ద ఖర్చేమీ కాదు.

పర్యాటకులే వద్దు, అందరినీ ఆపేయండి అనేవాళ్లు కూడా ఉన్నారు. నేను ఆ పక్షం కాదు. మా చిలికానే చూడండి. ఆ సరస్సు 1981లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల పట్టికలోకి, ఎక్కింది. తరవాత మొగ పూడిపోయి, ఉప్పునీరు తగ్గి, పిచ్చి మొక్క అల్లుకుపోయి, చేప తగ్గిపోయింది. 1993లో దాన్ని ఆ చిత్తడి నేలల్లో పాడైపోతున్న వాటి పట్టికలో పెట్టారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తెరిచారు. ఉప్పునీరు తిరిగి వచ్చింది, చేప ఎన్నో రెట్లు పెరిగింది, రొయ్య, పీత తిరిగి వచ్చాయి. 2002లో ఆ పట్టికలోంచి పేరు తీసేశారు. అప్పుడు చిలికా ఒడ్డునున్న రంభలో వలలు అమ్ముకుందామనుకున్న మా బంధువులు ఇప్పుడు అదే రంభలో చేప పడుతున్నారు, చలికాలంలో పడవ మీద జనాన్ని దీవులకు తిప్పుతున్నారు. ముందు నీరు బాగుపడింది, ఆ వెనక చేప వచ్చింది, ఆ వెనక జనం వచ్చారు.

చిలికా ఉత్తరపు ఒడ్డున మంగళజోడి అనే ఊరుంది. 2019 డిసెంబరులో నేనూ మా ఆయనా వెళ్లాం. ఒకప్పుడు ఆ ఊళ్లో వలస పక్షుల్ని వేటాడి అమ్ముకునేవారు. తరవాత వేట మానేసి పక్షుల కాపలాకు సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ పాత వేటగాళ్లే గైడ్లు. మోటారు లేదు, గెడతో తోసే పడవలు. మమ్మల్ని తిప్పిన పెద్దాయన కళ్లు మూసుకుని కూత విని ఇది ఫలానా పిట్ట అని చెప్పాడు. చంపడానికి నేర్చుకున్న విద్య ఇప్పుడు అన్నం పెడుతోందమ్మా అన్నాడు. తిరుగు బస్సులో మా ఆయన మనవాళ్లకూ ఇంత విద్య ఉంది కదే అన్నాడు. ఏ గాలికి తాబేళ్లు ఒడ్డుకు వస్తాయో, నీటి రంగు ఎలా మారితే మొగలోకి చేప ఎక్కుతుందో మా వాళ్లకు తెలుసు. ఆ విద్యకు ఇక్కడ ఎవరూ కూలి ఇవ్వడం లేదు.

కాబట్టి నేను కోరేది ఇది. మొగ చుట్టూ ఉన్న పోడంపేట, గోఖర్‌కుదా, పురుణాబంధ లాంటి ఊళ్ల కుర్రాళ్లకు గైడ్లుగా శిక్షణ ఇచ్చి, కార్డు ఇచ్చి, వాళ్లు లేకుండా ఎవరూ ఇసక మీద అడుగుపెట్టకూడదని పెట్టాలి. రోజుకు ఇంతమంది అని ఒక హద్దు ఉండాలి. బళ్లు రోడ్డు దగ్గరే ఆగాలి. మనిషికి ఇంతని రుసుము వసూలు చేసి, దానిలో పెద్ద వాటా వల ఎత్తిపెట్టిన కుటుంబాలకు, ఒడ్డు ఊడ్చే ఆడవాళ్లకు నెలనెలా చేరేలా చూడాలి. ఒడిశాలో అటవీ శాఖ నడిపే నేచర్ క్యాంపుల్లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లే వండి పెడుతున్నారు, దారి చూపిస్తున్నారు. అదే పద్ధతి సముద్రపు ఒడ్డుకు ఎందుకు కుదరదు? తెలుగువాళ్లు ఇంతమంది వస్తున్నారు కాబట్టి బోర్డులు తెలుగులో కూడా ఉండాలి. మా కుర్రాళ్లు తెలుగు, ఒడియా, కేరళ పడవల మీద నేర్చుకున్న మలయాళం కూడా మాట్లాడతారు. అంతకంటే గైడుకు ఏం కావాలి?

ఇంకో సంగతి. తాబేళ్లు ఒడ్డున ఉండేది వారం పది రోజులు. మిగతా ఏడాదంతా మేం బతకాలి కదా. వచ్చేవాళ్లు ఆ వారం మీదే పడకుండా తక్కిన నెలల్లోనూ రావాలి. తారాతారిణి కొండ ఉంది, తప్తపాణి వేడినీటి బుగ్గ ఉంది, గజపతి జిల్లాలో చంద్రగిరి దగ్గర టిబెట్ వాళ్ల జిరంగ ఆరామం ఉంది, బరంపురంలో పట్టు నేసే వీధులున్నాయి, అప్పడాలు, పచ్చళ్లు పెట్టే ఇళ్లున్నాయి. రెండు మూడు రోజులు ఉండేలా రండి. అప్పుడు మా ఒడ్డు మీద ఒక్కసారే అంత బరువు పడదు. మా పక్కింటి మేడ గది కూడా ఆషాఢంలో ఖాళీగా ఉండదు.

వచ్చే తెలుగువాళ్లకు చెల్లెలిగా, అక్కగా చెబుతున్నాను. ఇసక మీదికి వెళ్లాక టార్చి వేయకండి, ఫోన్ లైటు, ఫ్లాష్ అసలు వద్దు. తాబేలు ఎదురుగా నిలబడకండి, బెదిరితే గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. దాని వీపు మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటో తీసినవాళ్లను చూశాను. మీ ఇంట్లో పురిటి గదిలోకి పరాయివాళ్లు అలా వస్తే ఊరుకుంటారా? తెచ్చుకున్న సీసా తిరిగి పట్టుకెళ్లండి. ఒక్క పూటైనా ఇక్కడ అన్నం తినండి, నా దగ్గరే అక్కర్లేదు.

సంపాదకులు గారూ, వచ్చే సీజన్‌లో తాబేళ్ల ఫొటో మళ్లీ వేస్తారు, వేయాలి కూడా. దాని పక్కన ఈ నాలుగు జాగ్రత్తలు కూడా వేయండి. ఫిబ్రవరిలో కాకుండా ఏప్రిల్‌లో, పిల్లలు ఇసకలోంచి పైకి వచ్చే రోజుల్లో మీ విలేఖరిని పంపండి. అప్పుడు కెమెరాలు ఉండవు, కార్లు ఉండవు, కాపలా కుర్రాళ్లు మాత్రమే ఉంటారు. భోజనం నా దగ్గర, పడక మా డాబా మీద. ఆ నెలంతా మా వీధిలో ఏడింటికల్లా ఒడ్డు వైపు లైట్లు ఆర్పేస్తాం, చీకట్లో దారి చూపించడానికి చిన్నోడు ఎదురొస్తాడు.

ఇట్లు,
మెస్ నడిపే ఒక పాఠకురాలు,
గోపాల్‌పూర్, గంజాం జిల్లా, ఒడిశా.